రావులపాలెం హైవేనా, రాజమండ్రి ఊరిలోపలా?

ఎలక్ట్రిక్ బండ్ల కోసం డబ్బులకు నడిపే ఛార్జర్ పెట్టాలనుకునే మిత్రులకు నా సలహా: ముందు బండి ఎంతసేపు ఆగుతుందో చూడండి, తర్వాతే స్థలం.

విశాఖ, విజయవాడల మధ్య 16వ నంబరు జాతీయ రహదారి మీద రావులపాలెం ఉంది. విశాఖ నుంచి 200 కిలోమీటర్లు దాటి వచ్చిన కారు ఛార్జింగ్ కోసం వెతుక్కునేది ఈ చుట్టుపక్కలే. ఇక్కడ 60 కిలోవాట్ల డీసీ ఛార్జర్, అంటే వేగంగా ఛార్జ్ చేసేది ఉండాలి. ఒక్కో కారు 20 యూనిట్లు తీసుకున్నా, రోజుకు ఐదు కార్లొస్తే 100 యూనిట్లు అమ్ముడవుతాయి. కానీ ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు బరువే. పక్కన మంచి టిఫిన్ హోటల్, శుభ్రమైన బాత్‌రూమ్ లేకపోతే ఆ అరగంట ఎవరూ కూర్చోరు. గోదావరి లంకల వైపు పల్లపు స్థలమైతే దిమ్మె ఎత్తుగా కట్టించండి, వరదను తేలిగ్గా తీసుకోవద్దు.

రాజమండ్రిలో దేవీచౌక్ లాంటి చోట పార్కింగ్ దొరకడమే కష్టం. సొంత ఇల్లున్నవాళ్లు రాత్రి ఇంట్లోనే ఛార్జ్ పెట్టుకుంటారు. మిగిలేది ఆటోలు, అపార్ట్‌మెంట్లవాళ్లు. వాళ్లకు 3.3 కిలోవాట్ల ఏసీ పాయింట్లు, అంటే నెమ్మదిగా ఛార్జ్ చేసేవి నాలుగు చాలు. పెట్టుబడి తక్కువ, టెన్షన్ కూడా తక్కువ.

చేతిలో డబ్బు తక్కువుంటే నేనైతే ఊళ్లోనే మొదలుపెడతాను. హైవే పక్కన సొంత హోటల్ ఉన్నవాళ్లు మాత్రం ఆలోచించక్కర్లేదు, అక్కడే పెట్టేయొచ్చు.