స్కానింగ్ సెంటర్‌కి ఫైబరా, సిమ్ రూటరా? బరంపురంలో ఏది మేలు?

ఒడిశాలో మా బరంపురం. రాత్రి తొమ్మిదిన్నరకి గేట్ బజార్ వైపు నుంచి ఒక పెద్దాయన్ని ఆటోలో తీసుకొచ్చారు. మూతి వంకర పోయింది, కుడి చెయ్యి లేవడం లేదు. ఎనిమిదింపావుకి అన్నం తింటుంటే ముద్ద జారిపోయిందట. తల సీటీ స్కాన్ తీయడానికి నాకు ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. కానీ రాత్రిపూట మాకు రిపోర్ట్ రాసే రేడియాలజిస్ట్ మేడమ్ ఉండేది విశాఖపట్నంలో. బొమ్మలు ఆవిడకి చేరాలి. ఆ సాయంత్రమే మా వీధి చివర కాలువ పనికి తవ్వుతూ మా నెట్ వచ్చే ఫైబర్ తీగ తెంపేశారు.

ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి పంపడం మొదలుపెట్టాను. 12 శాతం దగ్గర ఆగిపోయింది. మళ్ళీ మొదటి నుంచి. పెద్దాయన కూతురు తలుపు పట్టుకుని నిలబడి, "ఇంకెంతసేపవుద్ది బాబూ?" అని అడుగుతోంది. పక్షవాతం మొదలైన నాలుగున్నర గంటల్లోపే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలి. అది కూడా మెదడులో రక్తస్రావం లేదని సీటీలో తేలాకే. రక్తస్రావం ఉన్నవాళ్ళకి అదే ఇంజెక్షన్ ప్రాణం మీదకి తెస్తుంది. రక్తస్రావం లేదని మేడమ్ ఫోన్ చేసేసరికి 10:20 అయింది. అప్పుడు బయల్దేరారు పెద్దాసుపత్రికి.

ఆ మర్నాటి నుంచి మా సెంటర్లో ఫైబర్, సిమ్ రూటర్ (సిమ్ వేస్తే ఫోన్ టవర్ నుంచి నెట్ తీసుకునే పెట్టె) రెండూ పెట్టుకుని ఎనిమిది నెలలుగా చిన్న డైరీలో రాస్తున్నాను. ఏది ఎప్పుడు పోయింది, ఎంతసేపట్లో వెళ్ళింది, అన్నీ.

అందరూ నెట్ కొనేటప్పుడు డౌన్‌లోడ్ స్పీడే అడుగుతారు. సినిమా చూసేవాళ్ళకి అది చాలు. స్కానింగ్ సెంటర్‌కి కావాల్సింది అప్‌లోడ్, అంటే మన దగ్గర్నుంచి బయటికి పంపే స్పీడు. సీటీలో ఒక్కో బొమ్మ 512 చుక్కలు అడ్డం, 512 చుక్కలు నిలువు, దాదాపు అర ఎంబీ. సన్నగా తీస్తే తల ఒక్కదానికే 300 బొమ్మలు, అంటే 150 ఎంబీ. మా ఫైబర్ అప్‌లోడ్ 40 ఎంబీపీఎస్, అంటే సెకనుకి 5 ఎంబీ. అదంతా అర నిమిషంలో వెళ్ళిపోతుంది. సిమ్ మీద మా గల్లీలో పగలు 4 వస్తుంది, అంటే ఐదు నిమిషాలు. రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా అందరూ ఫోన్లు పట్టుకునే వేళ 1కి పడిపోతుంది. అప్పుడు ఇరవై నిమిషాలు. ఒక టవర్ కింద ఉన్నవాళ్ళంతా ఆ స్పీడునే పంచుకోవాలి, పైకి పంపే దారి ముందే ఇరుకు. పైగా సీటీ గది గోడల్లో సీసం ఉంటుంది కాబట్టి లోపల సిగ్నలే రాదు. సిమ్ రూటర్‌ని కిటికీకి కట్టాల్సి వచ్చింది.

ఇంతవరకు చూస్తే ఫైబర్‌కి పోటీయే లేదు. కానీ నా డైరీలో ఫైబర్ పోయిన రోజులు పదకొండు. రోడ్డు తవ్వడం వల్ల నాలుగుసార్లు, లారీ తగిలి స్తంభం మీది తీగ తెగి రెండుసార్లు, మిగతావి కరెంటు పోయి. ఫైబర్‌లో నడిచేది వెలుతురే కదా, కరెంటుతో పనేంటి అనుకునేవాణ్ణి. నిజమే, గాజు తీగకి కరెంటు అక్కర్లేదు. కానీ మా దగ్గరి పెట్టెకి కావాలి, కంపెనీవాళ్ళ ఆఫీసులో కావాలి, కొన్నిచోట్ల స్తంభానికి వేలాడే స్విచ్ పెట్టెకీ కావాలి. మన పెట్టెకి యూపీఎస్ పెట్టుకున్నా ఆ స్తంభం మీది దానికి ఎవరు పెడతారు? సిమ్ అయితే ఈ ఎనిమిది నెలల్లో పూర్తిగా పోయింది మూడేసార్లు.

ఇక్కడే నాకు బాగా తెలిసొచ్చిన సంగతి ఒకటుంది. ఆ మూడుసార్లలో రెండుసార్లు ఫైబరూ సిమ్మూ ఒకే నిమిషంలో పోయాయి! టవర్‌కి కూడా చాలాచోట్ల నెట్ వచ్చేది ఫైబర్ మీదే మరి. ఒకే గోతిలో పక్కపక్కన వేసిన తీగలు ఒకే జేసీబీ దెబ్బకి పోతాయి. రెండు కంపెనీల ఫైబర్ పెట్టుకుని నిశ్చింతగా ఉన్న సెంటర్లు మా ఊళ్ళోనే ఉన్నాయి. రెండు తీగలూ ఒకే స్తంభం మీదుగా వస్తుంటే అవి రెండు కావు, ఒకటే. ఒకసారి లైన్‌మన్‌ని బతిమాలి వీధి చివరిదాకా నడిచి తీగ ఎటు నుంచి వస్తోందో కళ్ళారా చూసుకోండి. ఫైబర్ పోయినప్పుడల్లా ఏ కంపెనీ సిమ్ నిలబడుతోందో రాసుకుని ఆ సిమ్మే కొనండి. నేను రెండు నెలలకి సిమ్ మార్చాను.

లీజ్డ్ లైన్, అంటే మన ఒక్కరికే కేటాయించే లైన్ మాటేమిటంటారా? అప్‌లోడ్, డౌన్‌లోడ్ సమానంగా ఇస్తారు, తెగితే ఇన్ని గంటల్లో బాగుచేస్తామని రాసిస్తారు. ఖర్చు మాత్రం మామూలు ఫైబర్‌కి ఎన్నో రెట్లు. పెద్ద ఆసుపత్రులకి సరే, మాలాంటివాళ్ళకి మోయలేని భారం.

స్క్రీన్‌ని ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపేవాళ్ళూ ఉన్నారు. ఈసీజీ వరకైతే నేను తప్పుపట్టను. ఒక్క కాగితం, గీతలు కనిపిస్తే చాలు, గుండెపోటులో ఆ పది నిమిషాలు కలిసొస్తాయి. సీటీకి మాత్రం వద్దు. 300 బొమ్మల్లో మనకి తోచిన నాలుగు పంపితే అసలు చూడాల్సింది ఐదోదాంట్లో ఉండొచ్చు. వెలుగు తగ్గించి, పెంచి చూసే వీలు డాక్టరుకి ఉండదు. రోగి పేరుతో సహా ఆ ఫొటో ఎవరెవరి ఫోన్లలోకి పోతుందో కూడా చెప్పలేం.

ఇంట్లో ఉండి డాక్టరుతో మాట్లాడుకునేవాళ్ళకి లెక్క వేరు. ప్రభుత్వం ఆన్‌లైన్‌లో డాక్టరుతో మాట్లాడించే ఈ-సంజీవనిలో గానీ, ఇంకెక్కడైనా గానీ వీడియోకి 1 ఎంబీపీఎస్ ఉన్నా సరిపోతుంది. అందుకోసం ఫైబర్ పెట్టించనక్కర్లేదు, ఫోన్ చాలు. మా అత్తయ్యకి ఒడియా బాగానే అర్థమవుతుంది, బజార్లో బేరం కూడా ఆడేస్తుంది. కానీ నొప్పి చెప్పుకోవాలంటే తెలుగే రావాలి. పోటా, సలపరమా, మంటా, లాగుడా అన్నది ఆవిడ తెలుగులోనే చెప్పగలదు. అందుకే విశాఖ డాక్టరుతో మాట్లాడిస్తాం. సిగ్నల్ తగ్గి మాట ముక్కలవుతుంటే వీడియో ఆపేసి మాట ఒక్కటే ఉంచుతాను. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ నిబంధనలు మాటతో సంప్రదించడాన్ని కూడా ఒప్పుకున్నాయి. చర్మం మీద దద్దుర్లయితే చూపించాలి గానీ, కడుపులో మంటకి ముఖం కంటే మాట ముఖ్యం.

ఇక తుఫాను. 2013 అక్టోబరులో ఫైలిన్ మన గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లాని ముంచేసింది. అలాంటి గాలిలో స్తంభాలూ పడతాయి, టవర్ల బ్యాటరీలూ అయిపోతాయి, డీజిల్ తెచ్చేవాడికి దారి ఉండదు. అప్పుడు ఫైబర్ మేలా, సిమ్ మేలా అన్న ప్రశ్నే లేదు. ఫిల్మ్ తీసి, సీడీ రాసి రోగి బంధువు చేతికిస్తాం. అక్టోబరు వస్తోందంటే ఫిల్మ్ పెట్టెలు రెండు ఎక్కువ తెప్పించమని మా ఓనర్‌కి ముందే చెబుతాను.

నన్నడిగితే, స్కానింగ్ సెంటర్‌కి రోజువారీ పనికి ఫైబరే పెట్టుకోవాలి. దానికి తోడు వేరే దారిన నెట్ వచ్చే టవర్ మీద సిమ్ రూటర్ తప్పనిసరి. డబ్బు ఒక్కదానికే ఉందంటే ఫైబర్ తీసుకుని, సిమ్ కోసం స్టాఫ్‌లో ఒకరి ఫోన్ రీచార్జి సెంటరే కట్టాలి. ఆయుష్మాన్ కార్డు ఆన్‌లైన్‌లో సరిచూసుకునే చిన్న నర్సింగ్ హోమ్‌కి, స్కాన్లు లేకపోతే, మంచి సిమ్ ఒక్కటున్నా పని నడుస్తుంది.

సిమ్ ఉంది కదా అని వదిలేయకూడదు. నెలకోసారి, మొదటి సోమవారం రాత్రి ఎనిమిదింటికి నేనే ఫైబర్ తీగ పీకేస్తాను. ఆ వేళే ఎందుకంటే సిమ్ నీరసంగా ఉండేది అప్పుడే. పాత స్కాన్ ఒకటి విశాఖ పంపి టైం చూసుకుంటాను. పోయిన నెల కిటికీ దగ్గర పద్దెనిమిది నిమిషాలు పట్టింది. ఈ నెల రూటర్‌ని మేడ మెట్ల మీదకి మార్చి, పొడుగు వైరు లాగి పంపాను. తొమ్మిది నిమిషాల్లో మేడమ్ దగ్గర్నుంచి "వచ్చాయి" అని మెసేజ్ వచ్చింది.