పాత ల్యాప్‌టాప్, లినక్స్ మింట్, కన్నడ: రెండేళ్లు వాడాక ఆంకి గురించి

మాది అనంతపురం. మా వదిన వాళ్లది బళ్లారి, నేను పనిచేసే షాపుకి సరుకు సగం అక్కడినుంచే వస్తుంది, అయినా నాకు కన్నడలో "గొత్తిల్ల" తప్ప ఇంకో మాట వచ్చేది కాదు. నేర్చుకుందామని కూర్చుంటే ముందు ల్యాప్‌టాప్ దగ్గరే ఆగిపోయా. 4 జీబీ ర్యామ్‌ది, విండోస్ మోయలేక ఆయాసపడుతుంటే ఎప్పుడో దాని బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకున్నా. డబ్బు కట్టి కొన్న ఒక కోర్సు విండోస్‌కే అట, విండోస్ ప్రోగ్రాంలను లినక్స్‌లో నడిపే వైన్ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే మొదటి పాఠం దగ్గరే తెల్ల తెర, డబ్బులు గోవిందా. డ్యుయోలింగో బ్రౌజర్‌లో చక్కగా నడుస్తుంది గానీ దాంట్లో కన్నడే లేదు. కేడీఈ అనే లినక్స్ సాఫ్ట్‌వేర్ బృందం వాళ్ల పార్లే అనే మాటలు నేర్పే ప్రోగ్రాం కొన్నాళ్లు వాడా, బాగానే ఉంటుంది, కాకపోతే నాకు ఫోన్‌లో కూడా కావాలి. చివరికి ఆంకి దగ్గర తేలా.

తెలియనివాళ్ల కోసం: ఇది ఫ్లాష్‌కార్డుల ప్రోగ్రాం, 2006 నుంచి ఉంది, ఓపెన్ సోర్స్. గుర్తున్న కార్డును దూరం జరుపుతుంది, మర్చిపోయినదాన్ని మళ్లీ ముందుకు తెస్తుంది, అంతే. లినక్స్‌లో, ఆండ్రాయిడ్‌లో ఉచితం, ఐఫోన్‌కి మాత్రం డబ్బులు.

మింట్ సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో నాకు దొరికింది ఏళ్ల నాటి వెర్షన్. దాంతో కుస్తీ పట్టకండి, ఆంకి సైట్ నుంచే దించుకోండి. అది కుదించిన ఫైలు, విప్పడానికి జెడ్‌ఎస్‌టీడీ అనే టూల్ ఉండాలి, విప్పాక అందులోని ఇన్‌స్టాల్ స్క్రిప్ట్‌ను సుడోతో, అంటే అడ్మిన్ హక్కులతో నడపాలి. నాకైతే అన్నీ అయ్యాక కూడా తెరుచుకోలేదు, టెర్మినల్ నుంచి నడిపితే ఎక్స్‌సీబీ అని ఏదో ఏడ్చింది. లిబ్‌ఎక్స్‌సీబీ-కర్సర్0 అనే ప్యాకేజీ ఆప్ట్ (ప్యాకేజీలు వేసే కమాండ్)తో వేసుకుంటే లేచి కూర్చుంది. ఈ ఒక్క ముక్క తెలియక ఒక ఆదివారం పోయింది నాది.

ఇక నాకు బాగా నచ్చిన సంగతి. నా పద్ధతిలో కార్డుకి ఒకవైపు కన్నడ మాట కన్నడ లిపిలో, రెండోవైపు అర్థం. కన్నడ టైపింగ్ రాదు కదా, మరెలా? కంప్యూటర్‌లో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో తెలుగు అక్షరాలు, కన్నడ అక్షరాలు ఒకే వరసలో పేర్చి ఉన్నాయి, సరిగ్గా 128 గడుల తేడాతో. తెలుగు "క" సంఖ్యకి 128 కలిపితే కన్నడ "క" వస్తుంది, గుణింతాలూ అంతే. కన్నడ మాటలన్నీ తెలుగు లిపిలోనే లిబ్రేఆఫీస్‌లో కొట్టుకుని, నాలుగు లైన్ల పైథాన్ ప్రోగ్రాంతో మార్చేసి, ఆ ఫైలును ఆంకిలోకి ఎక్కించా. మొదటిసారి తెలివితక్కువగా వాక్యాల చివరి చుక్కలకీ 128 కలిపేశా, ప్రతి వాక్యం చివరా ట్రేడ్‌మార్క్ గుర్తు, గుండ్రంలో ఆర్, ప్రత్యక్షం! తెలుగు అక్షరమైతేనే మార్చు అని ఒక షరతు పెడితే కుదిరింది.

మాటలు త్వరగానే ఎక్కుతాయి మనకి. మన "ప" అక్కడ చాలాచోట్ల "హ" అవుతుంది: పాలు హాలు, పులి హులి, పాము హావు. ఇబ్బందల్లా చూడ్డానికి మనవిలా ఉండి వేరే అర్థం ఇచ్చే మాటలతోనే. "సాకు" అంటే అక్కడ చాలు, "మాడు" అంటే చెయ్యి, "మరి" అంటే మేకపిల్లో కుక్కపిల్లో. మనకేమో వాక్యానికో "మరి" ఉండాలాయె. వీటికి వేరే ట్యాగ్ పెట్టుకుని విడిగా తిప్పుతుంటా.

అయితే ఒట్టి మాటల కార్డులతో ఏడాది వృథా చేశా. పుస్తకంలో చూసి "హోగుత్తేనె" అని నేర్చుకుని వదిన దగ్గర వాడితే, "ఏమప్పా, రేడియోలో వార్తలు చదువుతాండావా?" అని పడీ పడీ నవ్వింది. ఇంట్లో వాళ్లనేది "హోగ్తీని". అప్పటినుంచి వాక్యాల కార్డులే, ఆమె చెప్పినట్టే. ఆంకిలోనే రికార్డు బటన్ ఉంది, ఆమె గొంతు అందులోనే పట్టేస్తా. ఆమె లేనప్పుడు రాసింది పైకి చదివే ఈస్పీక్ ఎన్‌జీ అనే ప్రోగ్రాంతో చదివిస్తా, దానికి కన్నడ వచ్చు గానీ రేకు డబ్బాలోంచి మాట్లాడినట్టుంటుంది.

ఒక్క హెచ్చరిక. రోజుకి 20 కొత్త కార్డులు అని మొదట్లో అదే పెట్టి ఉంటుంది, దాన్ని నమ్ముకుంటే మూడు వారాల్లో రివ్యూలు, అంటే మళ్లీ చూడాల్సిన పాత కార్డులు, మెడకి చుట్టుకుంటాయి. పెళ్లికని పది రోజులు వదిలేసి వస్తే నాకు ఆరొందల పైచిలుకు పేరుకున్నాయి, తెరవాలంటేనే టెన్షన్. ఇప్పుడు ఏడే పెట్టుకున్నా. ఏ కార్డు మళ్లీ ఎప్పుడు చూపాలో తేల్చే ఎఫ్‌ఎస్‌ఆర్‌ఎస్ అనే కొత్త లెక్క 2023లో ఆంకిలోకి వచ్చింది, డెక్ (కార్డుల కట్ట) ఆప్షన్లలో ఉంటుంది, అది ఆన్ చేసి, గుర్తుండాల్సిన శాతం 90 నుంచి 85కి దించాక భారం బాగా తగ్గింది. బళ్లారి బస్సెక్కితే ఉరవకొండ వచ్చేలోపు ఫోన్‌లో అయిపోతాయి, ఇంటికొచ్చాక ల్యాప్‌టాప్‌తో సింక్.

మాట్లాడ్డం ఆంకి నేర్పదు, వ్యాకరణమూ చెప్పదు, చూడ్డానికి కూడా పాతకాలం ఆఫీసు ఫారంలా ఉంటుంది. బళ్లారి మార్కెట్లో వాళ్లు గబగబా మాట్లాడితే నాకు ఇప్పటికీ సగమే అందుతుంది. బేరం మాత్రం ఆడగలుగుతున్నా.

డెక్‌లో రెండు వేల చిల్లర కార్డులున్నాయి, వదిన గొంతు ఆరొందలకే ఉంది. మిగతావి దసరాకి వచ్చినప్పుడు చదువుతానంది, ఓళిగలు (బొబ్బట్లు) మాత్రం నేనే చెయ్యాలట. వాళ్లు హోళిగె అంటారు, ఆ కార్డు ఎప్పుడో ఎక్కించా.