‘ఇంట్’ అని రాయాలా, ‘యూ32’ అని రాయాలా?

ధవళేశ్వరం బ్యారేజీ నుంచి వదిలే నీరు 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. ఆ అంకెను ఒక చిన్న కంప్యూటర్ బోర్డు దాచుకోవాలి, దాని పత్రంలో ‘ప్రవాహం: ఇంట్’ అని మాత్రమే ఉందనుకుందాం. ఇంట్ అంటే పూర్ణాంకం, సరే; దానికి చోటు ఎంత? ఆర్డువినో ఊనో ఆర్3 బోర్డులో 2 బైట్లు (16 బిట్లు), ఈఎస్‌పీ32లో 4. రెండు బైట్లలో కుక్కితే 10 లక్షలు కాస్తా 16,960 అవుతుంది. రెండో హెచ్చరిక, 13 లక్షలు, మైనస్ 10,720గా కనబడుతుంది. నాకు మొదటిదే ఎక్కువ భయం. మైనస్ చూస్తే ఎవరైనా ఉలిక్కిపడతారు. 16,960 చూస్తే గోదారి నెమ్మదిగానే ఉందనుకుని లంకల్లో జనం పడుకుంటారు.

అదే చోట ‘యూ32’ అని ఉంటే అనుమానం లేదు: మైనస్ లేని పూర్ణాంకం, 32 బిట్లు, 0 నుంచి 4,29,49,67,295 వరకు. సీ భాషలో ఈ కచ్చితమైన కొలతల పేర్లు 1999 ప్రమాణంతో వచ్చాయి. రస్ట్ భాషలో యూ32, ఐ16 (మైనస్ కూడా పట్టే 16 బిట్ల పూర్ణాంకం) అని రాస్తారు.

ఇంట్ చదవడానికి తేలికే. లూప్ లెక్కకు చాలు. రిజిస్టర్ల (చిప్‌లోని చిన్న నిల్వ గదుల) పట్టికలో, వైరు మీద వెళ్లే సమాచారంలో మాత్రం దాన్ని రానివ్వను. ‘వర్డ్’ అనే కొలత పేరును కూడా: ఇంటెల్ పత్రాల్లో అది 16 బిట్లు, ఆర్మ్ పత్రాల్లో 32.

యూ32 కూడా ఒకటి చెప్పదు, ముందు పంపేది పెద్ద స్థానాల బైటా చిన్న స్థానాల బైటా అని. అది పక్కనే విడిగా రాయాలి.