రాణీగంజ్‌లో కొన్న గ్యాస్ మీటరు, బోరు పనుల్లో ఆరు నెలలు వాడాక

నాచారంలో ఉంటాను. ఇరవై రెండేళ్ళుగా బోరు మోటార్ల పని. మార్చిలో రాణీగంజ్‌లో మండే గ్యాసులు పట్టే చేతి మీటరు 4,800 పెట్టి కొన్నాను. ఈ పనిలో ఉన్నవాళ్ళకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

ఎండాకాలం వచ్చిందంటే "బోరులోంచి గ్యాస్ వస్తోంది" అని ఫోన్లు మొదలవుతాయి. బోడుప్పల్‌లో ఒక ఇంటికి వెళ్ళేసరికి పెద్దాయన అగ్గిపెట్టె పట్టుకుని కేసింగ్ (బోరు పైకి కనిపించే గొట్టం) మీదికి వంగి ఉన్నాడు. చేతిలోంచి లాగేసుకున్నాను. మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య కలిస్తే నిప్పురవ్వ చాలు. వంటగ్యాసుకు వాసన కంపెనీవాళ్ళు కలుపుతారు. నేలలోంచి వచ్చే మీథేన్‌కు వాసనే ఉండదు, ముక్కును నమ్ముకుంటే లాభం లేదు.

ఆ ఇంట్లో మీటరు సున్నా దాటలేదు. నీళ్ళు గాజుగ్లాసులో పట్టి అరుగు మీద పెట్టాం. పాలలా తెల్లగా ఉన్నవి అడుగు నుంచి తేటపడుతూ వచ్చి, కాసేపటికి పైదాకా మామూలు నీళ్ళయ్యాయి. నీటిమట్టం పడిపోయి మోటారు గాలి లాగుతోంది, అంతే. రెండు పైపులు కలిపి మోటారును కిందికి దించితే ఆగిపోయింది. మన సిటీలో నేను చూసిన బుడగల్లో ఎక్కువ ఇలాంటివే.

ఈ మీటరు విలువ నాకు బాగా తెలిసింది రాజోలు దగ్గర మా అక్కావాళ్ళ ఊళ్ళో. అక్కడ నేల కింద ఉన్నది చమురు, సహజవాయువు దొరికే కృష్ణా-గోదావరి బేసిన్. పెరట్లో చేతిపంపు కొడుతుంటే నీళ్ళతో పాటు సన్నటి బుడగలు. పంపు మూతికి గొట్టం తగిలించి, నీళ్ళు నింపిన సీసాను బకెట్లో బోర్లించి బుడగలు పట్టాం. సీసా మూతి దగ్గర పెట్టగానే మీటరు కీచుమంది. అంకె 38. దీన్ని చూసి గాలిలో 38 శాతం గ్యాసు ఉందని కంగారుపడకండి. అంటుకోవడానికి కావలసిన కనీస స్థాయిలో అది 38 శాతం, అంటే మీథేన్ లెక్కన గాలిలో దాదాపు 2 శాతం. అది కూడా తక్కువేమీ కాదు. బావ ఆ సాయంత్రమే పంపు పక్కనున్న కట్టెల పొయ్యి తీసి పెరటి అవతల పెట్టాడు. ఆ గ్యాసు పైనున్న బురదలో కుళ్ళి పుట్టిందా, లోతు నుంచి ఎగదన్నిందా అన్నది మాత్రం మీటరు చెప్పదు. దానికి ల్యాబులో, లోతు గ్యాసులో కనిపించే ఈథేన్ లాంటివి ఉన్నాయేమో చూడాలి.

"ఏ గ్యాసైనా పడుతుంది" అని షాపులో చెప్పారు. అది తప్పు. ఘట్‌కేసర్ వైపు ఒక రైతు "అన్నా, మా బోరులో హీలియం ఉందేమో చూడు" అని పిలిచాడు. అడగడంలో అర్థముంది. మన గ్రానైటులో కొద్దిగా ఉండే యురేనియం, థోరియం క్షీణిస్తూ హీలియం వదులుతాయి, అది పగుళ్ళ వెంట నీళ్ళలోకి చేరుతుంది. కానీ ఈ మీటరు లోపలి పూస గ్యాసును మండించి ఆ వేడిని కొలుస్తుంది. హీలియం మండదు, కాబట్టి అంకె కదలదు. 1903లో అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని డెక్స్టర్‌లో బావి నుంచి ఉధృతంగా వచ్చిన గ్యాసును అంటించబోతే అంటుకోలేదు. 1905లో పరీక్షిస్తే అందులో ఎక్కువ భాగం మండని నైట్రోజనే, దాంతో పాటు 1.84 శాతం హీలియం తేలింది. అలాంటిది ల్యాబు పని అని రైతుకు చెప్పి, డబ్బు తీసుకోకుండా వచ్చేశాను.

ఇంకో లోపం ప్రాణాల మీదికి తెచ్చేది. ఆ పూస పనిచేయాలంటే ఆక్సిజన్ కావాలి. గాలి ఆడని పాత బావిలో గ్యాసు నిండా ఉన్నా అంకె తక్కువ చూపించవచ్చు. పూడిక తీయడానికి దిగే మనుషులను దీని మాట మీద దించకండి. అక్కడ ఆక్సిజన్ కూడా చూపించే నాలుగు గ్యాసుల మీటరు ఉండాలి. మంచి గాలిలో అది 20.9 చూపించాలి. సిలికాన్ స్ప్రే దగ్గర కూడా ఈ మీటరు పెట్టకండి, పూస పాడైపోతుంది.

కేసింగ్ పైన నిలబడి చేసే పనికి ఈ మీటరు కొనండి. బావుల పని ఒప్పుకునేవాళ్ళు మాత్రం ఆగి డబ్బు కూడబెట్టుకోండి. నేనూ అదే చేస్తున్నాను, నాలుగు గ్యాసులది చేతికొచ్చేదాకా బావి పనులు ఒప్పుకోవడం లేదు.