హెమిస్ శుక్పాచన్‌లో మూడు రాత్రులు: ఒక లద్దాఖీ ఇంటి బస

ముప్పై ఏళ్లు అనంతపురంలో పిల్లలకు భూగోళం చెప్పాను. ‘వర్షచ్ఛాయా ప్రాంతం’ అని నల్లబల్ల మీద ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. ఈ జూలైలో లద్దాఖ్ పల్లెలో ఒక రైతు ఇంట బస చేశాక గానీ ఆ మాట నాకు పూర్తిగా అర్థం కాలేదు.

మా జిల్లాలో ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది, దాన్నే కరువు సీమ అంటాం. లద్దాఖ్ ముఖ్య పట్టణం లేహ్‌లో పడేది సుమారు 100. మేఘాలను హిమాలయాలు అవతలే ఆపేస్తాయి. అయినా ఆ ఇంటి ముందు బార్లీ చేను నిగనిగలాడుతోంది! కొండ మీద కరిగిన మంచు నీటిని సన్నని కాలువల్లో తెచ్చుకుంటారు. ఎవరి చేనికి ఎప్పుడు వదలాలో చూసే మనిషిని చుర్పోన్ అంటారు. మా చెరువుల కింద నీరుగంటి చేసే పనే. ఆ సంగతి విన్నప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

ఇంటావిడను అమా-లే అని పిలవాలి. ‘లే’ మన ‘గారు’ లాంటిది. ఇంట్లో పెద్ద గది వంటిల్లే, అందరూ చేరేదీ అక్కడే. గోధుమ పిండి ముద్దను బొటనవేలితో నొక్కి, కూరగాయలతో ఉడికించే స్క్యూ రెండు రాత్రులు అడిగి మరీ తిన్నాను. ఉప్పు, వెన్న వేసిన టీ మాత్రం రెండో గిన్నె నుంచి రుచి తెలిసింది. ఆ ఎత్తులో నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి కాబట్టి పప్పుకు ప్రెషర్ కుక్కర్ తప్పదు.

మరుగుదొడ్డి పొడిది. నీళ్లు పోయకూడదు, మట్టి చల్లాలి. అదే తర్వాత చేనికి ఎరువు. మొదటి రోజు ఇబ్బంది పడ్డాను. స్నానానికి ఒక్క బకెట్ వేడినీళ్లే ఇస్తారు. మోకాళ్ల నొప్పులున్నవారికి నిచ్చెనలాంటి మెట్లు కష్టం. మనిషికి రోజుకు 1,500 రూపాయలు తీసుకున్నారు, మూడు పూటల తిండితో కలిపి. అది తక్కువే.

మాకు ప్రయాణం కుదిర్చిన ఏజెంటు లేహ్‌లో దిగిన మర్నాడే 5,359 మీటర్ల ఎత్తున్న ఖర్దుంగ్ లా కనుమకు తీసుకెళ్తానన్నాడు. ఒప్పుకోలేదు, మీరూ ఒప్పుకోవద్దు. లేహ్ ఎత్తే 3,500 మీటర్లు, పల్చటి గాలికి ఒళ్లు అలవాటు పడేలా అక్కడ రెండు రోజులు కదలకుండా ఉండండి. డ్రైవరుకు ఊరి పేరు పూర్తిగా చెప్పండి. పేరున్న హెమిస్ మఠం లేహ్‌కు ఆగ్నేయంగా ఉంది, ఈ ఊరు పడమర దారిలో.

బయలుదేరే పొద్దున నీటి వంతు వాళ్లది. అమా-లే చేనులోంచి నేరుగా కారు దగ్గరికి వచ్చారు, చేతిలో పార, మోకాళ్ల దాకా బురద. ‘జూలే’ అన్నారు. వచ్చినప్పుడూ ఆ మాటే అన్నారు. కాలువ కట్ట తెగకముందే వెళ్లాలని గబగబా వెనక్కి నడిచారు.