కుర్చీల మీద కూర్చునే డాన్సు: రోసాస్ వాళ్ళ ఫ్రీ పాఠాలు మా ఊళ్ళో చేసి చూసేం

ముందే చెప్పేస్తున్నాను, ఇది డబ్బు కట్టి కొన్న కోర్సు కాదండి, యాప్ కూడా కాదు. బెల్జియంలో రోసాస్ అని ఒక డాన్స్ కంపెనీ ఉంది. వాళ్ళు 2013లో తమ పాత డాన్సులోంచి ఒక భాగం తీసుకుని, దాన్ని ముక్కలుగా విడగొట్టి, వీడియోల్లో నేర్పుతూ నెట్లో పెట్టేరు, దాని పేరు రీ:రోసాస్. పైసా ఇవ్వక్కర్లేదు. ఎవరైనా నేర్చుకోవచ్చు, తమకి తోచినట్టు మార్చుకోవచ్చు, చేసింది వీడియో తీసి వాళ్ళకి పంపొచ్చు. అమలాపురం దగ్గర మా ఊళ్ళో, కల్యాణమండపం మేడ మీద హాల్లో, షామియానా కొట్టాయన ఇచ్చిన కుర్చీల మీద రెండు నెలలపాటు ఇది నేర్చుకున్నాం, అందుకే రాస్తున్నాను.

నేను కూచిపూడి టీచర్ని. ఇరవయ్యేళ్ళుగా పిల్లలకి అడుగులు, జతులు, శబ్దాలు నేర్పుతున్నాను. రోసాస్ వాళ్ళు చేసేది కాంటెంపరరీ డాన్సు, అంటే ఈ కాలపు కొత్తరకం డాన్సు. అదంటే నాకు తెలిసింది టీవీ షోల్లో చూసిందే, గాల్లోకి ఎగరడం, నేల మీద దొర్లడం, ఏడుపు పాట. అదే కాంటెంపరరీ అనుకుని ఇన్నాళ్ళూ పక్కన పెట్టేసేను. ఇది చూసేక ఆ అభిప్రాయం పూర్తిగా మారిపోయిందండి.

అసలు డాన్సు పేరు రోసాస్ డాన్స్ట్ రోసాస్, అంటే రోసాస్ రోసాస్‌నే ఆడుతోంది అని. 1983లో బ్రసెల్స్‌లో మొదటిసారి ఆడేరు. చేసినావిడ ఆన్ తెరెసా డె కేయర్స్‌మాకర్, 1960లో పుట్టింది, అంటే అప్పటికి ఇరవై రెండేళ్ళ పిల్ల. నలుగురు ఆడవాళ్ళు, అంతే. మొదట నేల మీద పడుకుని దాదాపు నిశ్శబ్దంలో చేస్తారు, ఊపిరి చప్పుడు వినిపిస్తుంది. తర్వాత కుర్చీలు. తర్వాత లేచి నిలబడతారు. పాఠాల్లో నేర్పేది ఈ కుర్చీల భాగమే. కాలు మీద కాలు వెయ్యడం, తల ఒక్కసారి వాల్చేయడం, జుట్టు వెనక్కి తోసుకోవడం, చేతులు పొట్ట మీద ముడుచుకుని ముందుకి వంగడం, చటుక్కున తల తిప్పి చూడడం, భుజం మీంచి చొక్కా జార్చి మళ్ళీ సర్దుకోవడం... మనం రోజూ చేసేవేగా అనిపిస్తుంది. కానీ అవి లెక్క ప్రకారం, మళ్ళీ మళ్ళీ, నలుగురూ ఒకసారి కలిసి, ఒకసారి విడివిడిగా, వేగం తగ్గకుండా చేస్తూ పోతే పది నిమిషాలకి ఒళ్ళు చెమట్లు కారిపోతుంది.

పాఠాలు చెప్పేది ఆవిడే, పక్కన సమంతా వాన్ విసెన్ అని రోసాస్ డాన్సరు చేసి చూపిస్తుంది. నాకు బాగా నచ్చింది ఏంటంటే ఎక్కడా గొప్ప మాటలు చెప్పరు, ఇది స్త్రీ వేదన, ఇది అస్తిత్వం ఇలాంటివేం లేవు. ఈ కదలిక, దాని తర్వాత ఇది, ఎన్ని లెక్కలకి, ఎటు చూడాలి. మా గురువుగారు కర్రతో దరువేస్తూ చెప్పినట్టే ఉంది. నేను వీడియో వేగం తగ్గించి రెండు మూడుసార్లు చూసుకుని, లెక్కలు నోట్‌బుక్‌లో తెలుగులో రాసుకుని, అప్పుడు పిల్లలకి చెప్పేదాన్ని. మీరు డాన్సు రానివాళ్ళయినా పర్లేదు, కానీ లెక్క తప్పకుండా పట్టుకోవడం మాత్రం రావాలి.

ఇక్కడే ఒక మాట చెప్పాలి. నేరుగా కుర్చీల్లోకి దిగకండి, ముందు చెవిని తయారుచేసుకోండి. ఈ డాన్సుకి సంగీతం థియెర్రీ డె మే, పీటర్ వెర్మీర్ష్ అనే ఇద్దరు చేసేరు, డాన్సు తయారవుతుంటేనే సంగీతమూ తయారైంది. మిషను కొట్టినట్టు ఒకే దరువు తిరిగి తిరిగి వస్తుంది, మధ్యలో చిన్న చిన్న మార్పులు. దీన్ని మినిమలిజం అంటారు. పాటకి పల్లవి చరణం ఉండి, రాగం పైకెళ్ళి కిందకి దిగే అలవాటున్న మన చెవికి మొదట్లో ఏం జరగట్లేదనే అనిపిస్తుంది. మా పిల్లలు మొదటిరోజు "టీచర్ గారూ, పాట ఎప్పుడు మొదలవుద్దండీ?" అని అడిగేరు.

అప్పుడు నేను డె కేయర్స్‌మాకర్ అంతకు ముందు ఏడాది, 1982లో చేసిన ఫాజ్ అనే డాన్సు గురించి చెప్పేను. అది అమెరికా సంగీతకారుడు స్టీవ్ రైక్ నాలుగు రచనల మీద కట్టింది. అందులో పియానో ఫేజ్ 1967 నాటిది. ఇద్దరు ఒకే చిన్న ముక్క వాయిస్తూ ఉంటారు, ఒకరు అదే వేగంలో ఉండిపోతే రెండోవాళ్ళు రవ్వంత వేగం పెంచుతారు, దాంతో రెండూ మెల్లగా విడిపోయి, కాసేపు గజిబిజి అయి, మళ్ళీ ఇంకో చోట అతుక్కుంటాయి. ఇది చెప్తుంటే ఎవరికీ ఎక్కలేదు. మాలో ఒకమ్మాయి వాళ్ళ నాన్న రొయ్యల చెరువులు చేస్తారు, ఆ పిల్ల ఉన్నట్టుండి "మా చెరువులో ఏరియేటర్లలాగా అండీ" అంది. ఏరియేటర్లంటే చెరువు నీళ్ళని చిలికి గాలి కలిపే చక్రాలు. రాత్రి పూట పక్కపక్కనే రెండు తిరుగుతుంటే ఛప్ ఛప్ ఛప్ ఛప్ అని కాసేపు కలిసి కొడతాయంట, పడుకుని వింటుంటే మెల్లగా ఒకటి వెనకబడి ఛఛప్ ఛఛప్ అవుద్దంట, మళ్ళీ కాసేపటికి కలిసిపోతాయంట. ఇంకేం చెప్పాలండి. ఆ మరుసటి రోజు సాయంత్రం అందర్నీ ఆ చెరువు గట్టుకి తీసుకెళ్ళి పావుగంట నోరు మూసుకుని కూర్చోబెట్టేను. నేను తీసుకున్న క్లాసులన్నిట్లో మంచి క్లాసు అదే అని ఇప్పటికీ అనుకుంటాను.

ఫాజ్‌లోదే ఇంకోటి, క్లాపింగ్ మ్యూజిక్, 1972లో రైక్ రాసింది. వాయిద్యం అక్కర్లేదు, ఇద్దరు మనుషుల చప్పట్లు చాలు. మీరూ ఇంట్లో చేసి చూడండి: మూడు చప్పట్లు ఒక ఖాళీ, రెండు చప్పట్లు ఒక ఖాళీ, ఒకటి ఒక ఖాళీ, రెండు ఒక ఖాళీ. మొత్తం పన్నెండు అక్షరాలు, అంటే పన్నెండు లెక్కలు, అదంతా కలిపి ఒక ఆవృతం. ఒకళ్ళు దాన్నే పట్టుకుని ఉండాలి, ఎట్టి పరిస్థితుల్లోనూ కదలకూడదు. రెండోవాళ్ళు కొన్ని ఆవృతాలు కలిసి కొట్టేక ఒక్క అక్షరం ముందుకి జరగాలి, మళ్ళీ కొన్ని ఆవృతాలయ్యేక ఇంకోటి. అలా పన్నెండుసార్లు జరిగితే మళ్ళీ ఇద్దరూ ఒకటైపోతారు. తాళం వచ్చిన పిల్లలే కదా, గంటలో పట్టేస్తారనుకున్నాను, వారం పట్టింది. ఎందుకంటే మన పిల్లల ఒంట్లో తీర్మానం ఉంది, అంటే జతిని ముగించే ముక్తాయింపు. జతి ఎంత తిరిగినా చివరికి ముమ్మారు కొట్టి సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకి, వచ్చి నిలబడాలి, అప్పుడే ప్రాణానికి హాయి. ఇక్కడ తీర్మానం రాదు. అది రాకపోయినా భయపడకుండా ఉండడమే నేర్చుకోవాలి. ఇదొచ్చేక కుర్చీల పాఠం చాలా తేలికయింది, అందుకే ఈ క్రమంలోనే వెళ్ళమంటున్నాను.

అసలు కష్టం మాత్రం ముఖం దగ్గర వచ్చింది. కూర్చుని ఆడడం మనకేం కొత్త కాదు. మా కోనసీమలో మేజువాణీలు, అంటే ఆటపాటల కచేరీలు, చేసిన కళావంతుల ఆడవాళ్ళు కూర్చునే పదం (క్షేత్రయ్య పదాల్లాంటి పాట) పట్టేవారు. కాళ్ళతో పని లేకుండా ఒక్క మాటకి పది రకాలుగా అభినయం. అదంతా కళ్ళల్లో, కనుబొమ్మల్లో, పెదవి చివర. ఇక్కడ అందుకు పూర్తిగా తలకిందులు. ముఖంలో ఏమీ పెట్టకూడదు. చెయ్యి జుట్టులోకి వెళ్ళింది అంటే వెళ్ళింది, అంతే, సిగ్గూ లేదు విరహం లేదు. మా పిల్లలకి తల వాల్చమంటే చాలు, వాసకసజ్జిక, అదే, ముస్తాబై ప్రియుడి కోసం ఎదురుచూసే నాయిక, వచ్చేసేది! తప్పు వాళ్ళది కాదు, ఆ అలవాటు చేసింది నేనే. మూడో వారానికి గానీ నాకు తట్టలేదు, ముఖం ఖాళీగా ఉంచండి అని చెప్పడం దండగ, వాళ్ళని ఆపకుండా చేయించాలి. పదిహేనోసారి, ఇరవయ్యోసారి చేసేటప్పటికి నటించే ఓపిక ఉండదు. అప్పుడు ఆ తల వాలడం నిజంగా వాలడం అవుతుంది, ఊపిరి బయటికి వినిపిస్తుంది, పక్కపిల్ల ఎక్కడుందో అని చూసే చూపు నిజం చూపు అవుతుంది. మళ్ళీ మళ్ళీ చేయడం ఎందుకో నాకు అప్పుడు అర్థమయింది. ఏ భావం పెట్టకపోతే ఏం వస్తుందో అది వచ్చింది, అది చూస్తుంటే నాకు ఒళ్ళు గగుర్పొడిచింది.

ఒకరోజు ఒక పిల్ల వాళ్ళమ్మ తీసుకెళ్ళడానికి వచ్చి గుమ్మంలో నిలబడి చూసింది. ఆవిడ రొయ్యలు వలిచే షెడ్డులో పని చేస్తుంది. అయ్యేక నా దగ్గరకొచ్చి, "ఇదంతా మేం సాయంత్రం నాలుగింటికి చేసేదే కదండీ" అంది. ఎలాగండీ అంటే చేసి చూపించింది. మెడ పట్టేస్తే ఒక్కసారి పక్కకి విరవడం, చేతులు తడిగా ఉంటాయి కాబట్టి మణికట్టుతో జుట్టు తోసుకోవడం, గడియారం వైపు ఒక చూపు, మళ్ళీ తల దించేయడం. బెల్జియం డాన్సు గురించి నేను అప్పటిదాకా చదివినవాటికంటే ఆవిడ మాటే నాకు దాన్ని బాగా చెప్పింది. ఆ మణికట్టుతో జుట్టు తోసుకోవడం మా వెర్షన్‌లో పెట్టేసుకున్నాం. రీ:రోసాస్ వాళ్ళు మార్చుకోమనే చెప్తున్నారు కదా, ఈ పాఠాల్లో నాకు అన్నిటికంటే విలువైన సంగతి అదే. భుజం మీంచి చొక్కా జార్చే చోట మా పిల్లలు ఇబ్బంది పడ్డారు, ఇళ్ళల్లో కూడా ఒప్పుకోరు, దాని బదులు చున్నీ జారిపోవడం, పైకి లాక్కోవడం పెట్టేం. మార్చేం అన్నట్టే లేదండి, ఆడపిల్ల ఒంట్లో అది ఎప్పుడూ ఉన్న కదలికే, సరిగ్గా అదే లెక్కకి సరిపోయింది.

2011లో అమెరికా గాయని బియాన్సే కౌంట్‌డౌన్ అనే పాట వీడియోలో ఈ డాన్సు కదలికలు కనిపించడం, డె కేయర్స్‌మాకర్ బయటికి వచ్చి అభ్యంతరం చెప్పడం, అప్పట్లో పెద్ద గొడవే అయింది. ఆ తర్వాత రెండేళ్ళకి, డాన్సుకి ముప్ఫై ఏళ్ళయిన సందర్భంలో, ఆవిడ అదే డాన్సుని ప్రపంచం మొత్తానికి నేర్పుతానని కూర్చుంది. అడక్కుండా తీసుకోవడం వేరు, కూర్చోబెట్టి నేర్పితే తీసుకోవడం వేరు. డాన్సు టీచరుగా నాకు ఆ తేడా ప్రాణమంత ముఖ్యం.

చేద్దామనుకునేవాళ్ళకి కొన్ని సంగతులు. ప్లాస్టిక్ కుర్చీలు పనికిరావు, ముందుకి ఒరిగేటప్పుడు జారతాయి, వెనక్కి ఆనితే వంగుతాయి, మేము రెండో వారంలోనే చెక్క కుర్చీలకి మారిపోయేం. చేతులున్న కుర్చీలు అసలొద్దు. బూట్లు గానీ చెప్పులు గానీ వేసుకోండి, కాలు కింద పెట్టిన చప్పుడు కూడా అందులో భాగమే, మేం మాత్రం ఉత్తకాళ్ళతోనే చేసేం, అలవాటు పోలేదు. మెడ జాగ్రత్త. తల విసిరే చోట రెండు రోజులు మెల్లగా చేయించండి. వీలైతే 1997లో థియెర్రీ డె మే తీసిన సినిమా కూడా చూడండి, బెల్జియంలోనే లూవెన్ అనే ఊళ్ళో ఒక పాత టెక్నికల్ స్కూలు భవనంలో తీసేరు, గాజు కిటికీలు, పొడుగాటి వసారాలు. కానీ కొంచెం నేర్చుకున్నాకే చూడండి, ముందే చూస్తే వాళ్ళలా కనిపించాలని పిల్లలు కాపీ కొట్టడం మొదలెడతారు.

మా వీడియో ఇంకా పంపలేదు. నలుగుర్లో ఒకమ్మాయికి ఇంటర్ పరీక్షలు. అవి అయ్యేక చెరువు గట్టు మీద నాలుగు కుర్చీలు వేసి తీద్దామని పిల్లల పట్టుదల, వెనకాల ఏరియేటర్లు తిరుగుతుండగా. గట్టు చదునుగా లేదు, కుర్చీ కాళ్ళ కింద చెక్కలు పెట్టాలి, ఏరియేటర్లు వేసే వేళకి వెలుతురు ఉంటుందో లేదో చూసుకోవాలి.