మల్కాపురం: అమరావతి దారిలో కాకతీయుల నాటి కాలేజీ ఊరు

విజయవాడ నుంచి ప్రకాశం బ్యారేజీ దాటి అమరావతి వైపు వెళ్లేవాళ్లు చాలామంది ఉండవల్లి గుహలు చూసుకుని, అక్కణ్ణుంచి నేరుగా అమరేశ్వరస్వామి గుడికీ ధ్యానబుద్ధుడి దగ్గరికీ వెళ్లిపోతారు. మధ్యలో మందడం పక్కనే మల్కాపురం అని చిన్న ఊరుంది. అక్కడ కాసేపు ఆగమని చెప్పడానికే ఇది రాస్తున్నాను. మొత్తం దారిలో నాకు అన్నిటికంటే నచ్చింది అదే, చూడటానికి ఉన్నది ముఖ్యంగా ఒక శాసన స్తంభమే అయినా సరే.

స్తంభం పైన నంది, కింద శాసనం. ఎక్కువ భాగం సంస్కృతమే. శక సంవత్సరం 1183, అంటే మన లెక్కలో 1261. కాకతి గణపతిదేవుడు తన గురువు విశ్వేశ్వర శివాచార్యులకి మందడం ఊరిని ఇస్తానని మాటిచ్చాడు. కూతురు రుద్రమదేవి ఆ మాట నిలబెట్టి, దానికి వెలగపూడిని కూడా కలిపి ధారపోసింది. ఆ వెలగపూడీ ఇప్పుడు సచివాలయం ఉన్న వెలగపూడీ ఒకటే! ఈ సంగతి తెలిశాక ఆ రోడ్డు మీద పోతుంటే ఒళ్లు గగుర్పొడిచింది నాకు.

శివాచార్యులు ఇక్కడివారు కాదు, గౌడదేశం నుంచి, అంటే ఇప్పటి బెంగాల్ వైపు నుంచి వచ్చిన శైవ గురువు, గోళకీ మఠం అనే శైవ మఠాల పరంపరకి చెందినవారు. చేతికొచ్చిన రెండు ఊళ్లతో ఆయన ఏం చేశారన్నదే అసలు విషయం. గుడి కట్టించారు, మఠం పెట్టారు, 60 బ్రాహ్మణ కుటుంబాలని తీసుకొచ్చి భూములిచ్చి నిలబెట్టారు, మిగిలిన భూమిని మూడు భాగాలు చేశారు. ఒకటి దేవుడికి, ఒకటి మఠానికీ చదువుకునే పిల్లలకీ, మూడోది ప్రసూతిశాలకీ ఆరోగ్యశాలకీ అన్నసత్రానికీ. ప్రసూతిశాల అండీ, 1261లో! మన స్కూలు పుస్తకాల్లో కాకతీయులంటే చెరువులు, వేయి స్తంభాల గుడి, రుద్రమ యుద్ధాలు చదివాం కానీ కాన్పుల కోసం విడిగా ఒక శాల పెట్టి దానికి శాశ్వతంగా ఆదాయం కట్టబెట్టారని నాకైతే ఎవరూ చెప్పలేదు. సత్రంలో ఏ కులమైనా సరే, వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టాలని కూడా రాయించారు.

ఇక ఆ చదువుకునే పిల్లల కోసం పెట్టిన కాలేజీ. ఋగ్, యజుర్, సామవేదాలకి ముగ్గురు అధ్యాపకులు, వ్యాకరణం, తర్కం, సాహిత్యం, ఆగమం (శైవ పూజావిధానాల శాస్త్రం) లాంటివి చెప్పడానికి ఇంకో ఐదుగురు. వీళ్లు కాక ఒక వైద్యుడు, లెక్కలు రాసే కాయస్థుడు. గుడిలో పాటకీ నాట్యానికీ మనుషులు, ఊరికి కాపలావాళ్లు, కమ్మరి, కుమ్మరి, వడ్రంగి, మంగలి, ఇలా ఊరు నడవడానికి ఎవరెవరు కావాలో అందరి జీతం ఏర్పాట్లూ రాతి మీద ఉన్నాయి. పాఠం చెప్పే పంతులు ఒక్కడితో విద్యాలయం నడవదని, వండేవాడూ వైద్యం చేసేవాడూ కూడా ఉండాలని ఆలోచించినవాళ్ల మీద నాకు గొప్ప గౌరవం కలిగింది.

అయితే వెళ్లేముందు ఇదంతా చదువుకుని వెళ్లండి. నేను వెళ్లినప్పుడు ఈ శాసనంలో ఏముందో మామూలు మనిషికి అర్థమయ్యేలా వివరించే బోర్డు నాకు కనిపించలేదు, దారి చూపించే బోర్డు కూడా లేదు. మందడంలో "శాసనం ఎక్కడండీ" అని అడిగితే కుర్రాళ్లు తెలియదన్నారు, ఒక పెద్దాయన మాత్రం "నంది స్తంభమా బాబూ, రా చూపిస్తా" అని వెంట నడిచొచ్చారు. పొద్దున్న ఏటవాలు ఎండలోనో సాయంత్రం ఎండ వాలాకో వెళ్తే అక్షరాలు బాగా కనిపిస్తాయి, మిట్టమధ్యాహ్నం ఏమీ తెలియదు. దయచేసి రాతి మీద సుద్ద, పసుపు, నీళ్లు లాంటివి వెయ్యకండి.

ఉండవల్లి చాలా బాగుంది. నాలుగు అంతస్తుల గుహాలయం, లోపల శయనించిన అనంతపద్మనాభుడు, మెట్లు ఎక్కగలిగితే పైనుంచి పొలాలు. టికెట్టు తక్కువే, గడ్డీ తోటా శుభ్రంగా ఉన్నాయి. అమరావతి మ్యూజియంకి మాత్రం శుక్రవారం వెళ్లకండి, సెలవు. అక్కడి స్తూపం శిల్పాల్లో చాలా భాగం చెన్నైకీ లండన్‌కీ ఎప్పుడో తరలిపోయాయి, ఆ బాధ ఉంటుంది, కానీ మిగిలినవి కూడా గంటసేపు నిలబెట్టేస్తాయి. పిల్లలకి ధ్యానబుద్ధుడు నచ్చుతాడు, నాకు అంత ఏమీ అనిపించలేదు.

బస విజయవాడలోనే పెట్టుకోవడం మంచిది. బస్టాండు, రైల్వే స్టేషన్ దగ్గర గాంధీనగర్‌లో లాడ్జీలు బోలెడు, మేం దిగినదాంట్లో వేడినీళ్లు పొద్దున ఏడు దాటితే రావు, రిసెప్షన్‌లో అడిగితే "సోలార్ సార్" అన్నారు, అంతే. కాస్త ఖర్చు పెట్టగలిగితే భవానీపురంలో టూరిజం వాళ్ల హరిత బెర్మ్ పార్క్ ఉంది, కృష్ణ ఒడ్డునే, ఇంట్లో పెద్దవాళ్లుంటే నేనైతే అదే చెప్తాను. యాప్‌లో బుక్ చేసిన క్యాబ్ అతను మల్కాపురం అనగానే రానన్నాడు, రాజధాని పనుల లారీలు, దుమ్ము అని. చివరికి ఆటో మాట్లాడుకున్నాం, వెయిటింగ్‌తో కలిపి ముందే రేటు తేల్చుకోండి. బస్సులో అయితే మందడంలో దిగి లోపలికి వెళ్లాలి.

భోజనం సంగతికొస్తే, సచివాలయం ఉద్యోగులు ఉండబట్టి మందడం చుట్టూ మెస్సులు బాగానే లేచాయి, పప్పు, గోంగూర, గడ్డపెరుగు, వేడిగా కొసరి కొసరి వడ్డించారు. ఒంటిగంట దాటితే మాత్రం కూర్చోడానికి చోటు దొరకదు, కాబట్టి పొద్దున్నే మల్కాపురం చూసుకుని పన్నెండున్నరకల్లా తినేసి, తర్వాత అమరావతికి బయల్దేరండి. తిరుగుప్రయాణంలో ఉండవల్లికి సాయంత్రం ఐదులోపు చేరుకోవాలి, ఆలస్యమైతే లోపలికి పంపరు.